పశ్చాత్తాపం ఎవరి ముందు? - కళింగ యుద్ధ స్మృతిలో ఒక నైతిక సమస్య

1. ప్రవేశిక

వంశధార సముద్రంలో కలిసే చోట ఉన్న కళింగపట్నం పేరులో ఒక దేశం పేరు మిగిలి ఉంది. ఆ దేశానికి నేడు ఎల్లలు లేవు. దాని ఉత్తర భాగం ఒడిశాలోనూ, దక్షిణ భాగం శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లోనూ కలిసిపోయాయి. ఊరి పేరులో, కాళింగులు అనే సామాజిక వర్గనామంలో, గాంగుల రాజధానిగా వెలిగిన ముఖలింగానికి గల కళింగనగరమనే పాత పేరులో మాత్రం అది నిలిచి ఉంది. కళింగమనగానే విద్యావంతుడైన తెలుగు పాఠకుడికి మొదట స్ఫురించేది ఒక యుద్ధం, ఆ వెంటనే ఒక రాజు పశ్చాత్తాపం. యుద్ధంలో చనిపోయినవారి కంటే వారిని చంపించినవాడి మనోవేదన ఎక్కువ ప్రసిద్ధి పొందడం ఈ స్మృతిలోని విశేషం. పాఠ్యపుస్తకాల్లో కళింగులు ఒకే ఒక వాక్యంలో, ఒక సంఖ్యగా కనిపిస్తారు. తరువాతి వాక్యాలన్నీ అశోకుడివే.

ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న చారిత్రకం కంటే నైతికమైనది. తప్పు చేసినవాడు తన పశ్చాత్తాపాన్ని ఎవరి ముందు ప్రకటించాలి? లోకం ముందు ప్రకటించి బాధితుల ముందు ప్రకటించకపోతే ఆ పశ్చాత్తాపానికి ఏ విలువ ఉంటుంది? ఈ ప్రశ్నను ఊహతో కల్పించనక్కర లేదు. అశోకుడి శిలాశాసనాలే దానిని మన ముందుంచుతున్నాయి.

2. ఎర్రగుడిలో ఉన్నది, జౌగడలో లేనిది

1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపి రహస్యాన్ని ఛేదించిన తరువాత అశోకుడి శాసనాలు ఒక్కొక్కటిగా చదవడానికి వీలైంది. వీటిలో 14 ప్రధాన శిలాశాసనాల వరుస ముఖ్యమైనది. 13వ శాసనం కళింగ యుద్ధానికి సంబంధించినది. పట్టాభిషేకం జరిగి ఎనిమిదేళ్లయిన తరువాత దేవానాంప్రియుడు కళింగాన్ని జయించాడని, లక్షన్నర మందిని అక్కడి నుంచి తరలించుకుపోయారని, లక్షమంది యుద్ధంలో హతులయ్యారని, దానికి ఎన్నో రెట్ల మంది మరణించారని అది చెబుతుంది. అంతటితో ఆగదు. జయింపబడని దేశాన్ని జయించేటప్పుడు జరిగే వధ, మరణం, అపహరణ రాజుకు దుఃఖకరంగా తోచాయని చెబుతుంది. తల్లిదండ్రులకూ పెద్దలకూ విధేయులై, మిత్రుల పట్ల, బంధువుల పట్ల, దాసభృత్యుల పట్ల సక్రమంగా నడుచుకునేవారు కూడా అక్కడ గాయాలకూ చావుకూ ఎడబాటుకూ గురయ్యారని అంటుంది. తాము క్షేమంగా ఉన్నా స్నేహితులకు కలిగిన ఆపదవల్ల దుఃఖపడినవారినీ లెక్కలోకి తీసుకుంటుంది. నాడు నష్టపోయినవారిలో నూరో వంతు, వెయ్యో వంతు నష్టపోయినా ఇప్పుడు రాజు దానిని భారంగా తలుస్తాడని పేర్కొంటుంది. ప్రాచీన ప్రపంచంలో గెలిచిన రాజు తన గెలుపును గురించి ఇలా మాట్లాడిన సందర్భాలు అత్యంత అరుదు.

ఈ శాసనం వాయవ్యాన శాహబాజ్‌గఢీ, మాన్‌సేహ్రాలలోనూ, పశ్చిమాన గిర్నార్‌లోనూ, ఉత్తరాన కాల్సీలోనూ, దక్షిణాన కర్నూలు జిల్లా ఎర్రగుడిలోనూ ఉంది. కాందహారులో దొరికిన గ్రీకు శాసనంలో కూడా దీని ప్రారంభ భాగం ఉంది. అంటే కళింగంలో జరిగినదాన్ని గ్రీకు భాష మాట్లాడే ప్రజలకు గ్రీకులో తెలియజేశారు. తెలుగు నేల మీద రాయలసీమ ప్రజలకు తెలియజేశారు. కళింగంలోని ధౌలి, జౌగడ శిలల మీద మాత్రం ఇది లేదు. అక్కడ 10వ శాసనం వరకు వరుసగా ఉండి, 11, 12, 13 శాసనాలు లోపించి, 14వ శాసనం ఉంది. వాటితో పాటు రెండు ప్రత్యేక శాసనాలు ఉన్నాయి. ధౌలిలో అవి తోసలిలోని మహామాత్రులను, జౌగడలో సమాపలోని మహామాత్రులను ఉద్దేశించినవి.

జౌగడ ఋషికుల్యా నది సమీపంలో ఉంది. 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడే వరకు జౌగడ, కళింగపట్నం రెండూ మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చెందినవే. కాబట్టి జౌగడ శిల మీద ఏముంది, ఏది లేదు అన్నది ఉత్తరాంధ్ర తీరానికి పరాయి విషయం కాదు. ఈ శాసనాలు కేవలం చదువుకోవడానికి చెక్కినవి కావు. తిష్య నక్షత్రం నాడు వీటిని వినిపించాలని ప్రత్యేక శాసనాలే ఆదేశిస్తున్నాయి. అంటే అక్షరం రాని రైతు, జాలరి, కుమ్మరి కూడా రాజు మాటను వినే ఏర్పాటు ఉంది. ఆ ఏర్పాటులో కళింగుల చెవిన పడకుండా మిగిలినది కళింగుల చావు గురించిన శాసనమే.

3. మౌనానికి కారణాలు: ఉద్దేశం, ఫలితం

ఈ లోపానికి పరిశోధకులు సాధారణంగా చెప్పే కారణం రాజనీతి. ఓడిన ప్రజలకు వారి మృతుల సంఖ్యను గుర్తుచేయడం తిరుగుబాటును ఆహ్వానించడమే అవుతుందని ఈ వాదం. రెండో కారణం సున్నితత్వం. మానుతున్న గాయాన్ని కెలకడం కరుణ కాదు. మూడోది అవసరం. కళింగులకు కావలసింది రాజు మనఃస్థితి వివరణ కాదు, అధికారుల దౌర్జన్యం నుంచి రక్షణ. ప్రత్యేక శాసనాలు ఆ రక్షణనే ప్రస్తావిస్తున్నాయి. వీటికి తోడు 14వ శాసనంలో ఒక మాట ఉంది. ప్రదేశాన్ని బట్టి గానీ, విషయాన్ని బట్టి గానీ, లిపికరుల దోషం వల్ల గానీ కొన్ని చోట్ల శాసనాలు అసంపూర్ణంగా ఉండవచ్చునని అది ఒప్పుకుంటుంది. ఈ మాట ధౌలి, జౌగడలలో కూడా ఉండడం గమనించదగ్గది. పూర్తి పాఠం ఇక్కడ లేదని శాసనమే చెబుతుంది, లేనిది ఏమిటో మాత్రం చెప్పదు.

అయితే ఉద్దేశాన్ని ఆధారం చేసుకున్న ఏ తీర్పూ గట్టిగా నిలవదు. 1986లో కర్ణాటకలోని సన్నతిలో బయటపడిన శిలాఫలకం మీద 12వ, 14వ శాసనాల భాగాలతో పాటు, అంతవరకు కళింగానికే ప్రత్యేకమనుకున్న ఆ రెండు శాసనాల భాగాలు కూడా ఉన్నాయి. కనుక ఆ రెండూ కళింగుల కోసమే రచించినవనే పాత అభిప్రాయం సడలింది. శాసనాల పంపిణీలో పరిపాలనా సౌలభ్యం, స్థానిక అవసరం, యాదృచ్ఛికత అన్నీ కలిసి ఉండవచ్చు. ఒక రాజు మనసులో ఏముందో ఇన్ని శతాబ్దాల తరువాత నిర్ణయించడం విమర్శకుడి పని కాదు.

నైతిక ప్రశ్నకు ఉద్దేశం తెలియనక్కర లేదు. ఫలితం స్పష్టంగా ఉంది. ఎవరి పట్ల తప్పు జరిగిందో వారి నేల మీద ఆ తప్పు ఒప్పుకోలు లేదు. ఎవరికి ఆ తప్పుతో సంబంధం లేదో వారి నేల మీద ఉంది. పశ్చాత్తాపం పర్యటించింది గాని ఇంటికి రాలేదు. ఈ స్థితిని నైతికంగా ఎలా అర్థం చేసుకోవాలన్నదే అసలు సమస్య.

4. పశ్చాత్తాపానికి శ్రోత ఎవరు: భారతం చూపిన దారి

పశ్చాత్తాపం మనసుకు సంబంధించినదైతే దానికి శ్రోత అక్కరలేదు. అది ఒక వ్యక్తి తనలో తాను మారడం. బౌద్ధ సంఘంలో భిక్షువు తన దోషాన్ని తోటి భిక్షువుల ముందు వెల్లడిస్తాడు. దోషం వల్ల నష్టపోయినవారి ముందే వెల్లడించాలన్న నియమం అక్కడ ప్రధానం కాదు. ఈ దృష్టితో చూస్తే అశోకుడి పశ్చాత్తాపం సంపూర్ణమే. అతడు తన మార్పును లోకానికి తెలిపాడు. తన కొడుకులు, మనుమలు కొత్త విజయాలను తలపెట్టవద్దని కోరి, తన ప్రతిజ్ఞకు భవిష్యత్తును సాక్షిగా పెట్టాడు. దిగ్విజయం స్థానంలో ధర్మవిజయాన్ని నిలిపాడు. ఇతర రాజ్యాల ప్రజలకు ఈ మార్పు వల్ల కలిగిన మేలు చిన్నది కాదు.

కానీ అదే బౌద్ధ సంప్రదాయంలో అంగుళిమాలుడి కథ మరోవైపు చూపుతుంది. హంతకుడు భిక్షువై, మనసు పూర్తిగా మారిన తరువాత కూడా భిక్షకు పోయినప్పుడు జనం రాళ్లతో కర్రలతో కొడతారు. పగిలిన తలతో తిరిగి వచ్చిన శిష్యుడిని బుద్ధుడు ఓర్చుకొమ్మంటాడు. లోపలి మార్పు బయటి ఋణాన్ని రద్దు చేయదని, ఋణదాతల ముందుకు పోవడం తప్పదని ఈ కథ సూచిస్తుంది.

తెలుగు పాఠకుడికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ తిక్కన తెలిగించిన స్త్రీపర్వంలోనూ శాంతిపర్వంలోనూ ఉంది. యుద్ధానంతరం ధర్మరాజు దుఃఖం రెండు రూపాల్లో కనిపిస్తుంది. శాంతిపర్వంలో అతడు తమ్ముల ముందు, వ్యాసుడి ముందు, భీష్ముడి ముందు తన దుఃఖాన్ని వెళ్లబోసుకుంటాడు. వాళ్లంతా అతడి పక్షం వారు, లేదా అతడి మేలు కోరేవారు. వారు ఓదారుస్తారు, ఉపదేశిస్తారు, చివరికి రాజ్యం ఏలడానికి ఒప్పిస్తారు. అంతకుముందే స్త్రీపర్వంలో ఇంకో సన్నివేశం జరిగింది. నూరుగురు కొడుకులను పోగొట్టుకున్న గాంధారి ముందు ధర్మరాజు నిలబడ్డాడు. నీ పుత్రుల చావుకు కారకుణ్ణి నేనేనని, శాపానికి తగినవాణ్ణని చెప్పుకున్నాడు. కళ్లకు కట్టుకున్న వస్త్రం సందుగా ఆమె చూపు పడి అతడి కాలిగోళ్లు కమిలిపోయాయి.

ఈ రెండు సన్నివేశాల మధ్య భేదం ఈ చర్చకు కీలకం. శాంతిపర్వంలో పశ్చాత్తప్తుడికి ఓదార్పు దొరికింది. స్త్రీపర్వంలో గోళ్లు కాలాయి. మొదటిదానిలో వినేవారికి క్షమించే అధికారమూ లేదు, శపించే అధికారమూ లేదు. రెండోదానిలో రెండూ ఉన్నాయి. బాధితుడి ముందు నిలబడడమంటే క్షమాపణ దొరకకపోవచ్చునన్న ప్రమాదాన్ని అంగీకరించడం. ఆ ప్రమాదం లేని పశ్చాత్తాపం నిజం కావచ్చు, గొప్పది కూడా కావచ్చు. కాని అందులో చివరి మాట తప్పు చేసినవాడి చేతిలోనే ఉండిపోతుంది.

ఆధునిక ప్రపంచంలోనూ ఈ భేదం కనిపిస్తుంది. 1970 డిసెంబరు 7న పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ విల్లీ బ్రాంట్ వార్సాలో యూదుల స్మారకం ముందు మోకరిల్లాడు. 1919 నాటి జలియన్‌వాలాబాగ్ కాల్పులపై 2019 ఏప్రిల్‌లో బ్రిటిష్ ప్రధాని థెరిసా మే విచారం వ్యక్తం చేసింది లండన్‌లోని తమ పార్లమెంటులో. ఆమె విచారమన్నారు, క్షమాపణ అనలేదు. మాటలోని తేడాతో పాటు స్థలంలోని తేడాను కూడా చూడాలి. ఒకరు బాధితుల నేల మీద మౌనంగా ఉన్నారు. మరొకరు తమ వారి మధ్య మాట్లాడారు. మొదటిదే బలమైనదిగా లోకం గుర్తుంచుకుంది.

5. తండ్రి అయిన విజేత

ఇక్కడ ఒక ప్రతివాదాన్ని నిజాయితీగా ఎదుర్కోవాలి. గాంధారి ముందు ధర్మరాజు నిలబడడం ఒక కుటుంబంలోని విషయం. ఓడిన దేశం ముందు గెలిచిన రాజు నిలబడడం వేరు. కళింగం తిరిగి స్వతంత్రం కాలేదు. తరలించుకుపోయిన లక్షన్నర మందిని వెనక్కి పంపినట్లు శాసనం చెప్పదు. జయించిన దేశాన్ని చేతిలో ఉంచుకొని, జయించినందుకు చింతిస్తున్నానని జయింపబడినవారికే చెప్పడం ఏమవుతుంది? సైన్యం వెనుక నిలిచి ఉండగా వినిపించే క్షమాప్రార్థన వినేవారికి ఆజ్ఞలాగే తోస్తుంది. దానికి బదులు చెప్పే స్వేచ్ఛ వారికి లేదు. కాబట్టి తిరిగి ఇవ్వడం లేని ఒప్పుకోలు కంటే మౌనమే మర్యాద అని వాదించవచ్చు. ఈ వాదంలో బలం ఉంది.

అయితే ధౌలి, జౌగడలలో ఉన్నది మౌనం కాదు. అక్కడ మరో మాట ఉంది. ప్రజలందరూ తన సంతానమని, తన సంతానానికి ఇహపరాల్లో ఎలాంటి హితసుఖాలను కోరుతాడో ప్రజలందరికీ అలాగే కోరుతానని ప్రత్యేక శాసనం ప్రకటిస్తుంది. పరిపాలనా సాహిత్యంలో ఇది ఉదాత్తమైన వాక్యం. అకారణంగా ఎవరినీ చెరలో వేయరాదని, హింసించరాదని, అసూయ, కోపం, నిష్ఠురత్వం, తొందరపాటు, సోమరితనం వంటి దోషాలు అధికారులకు ఉండరాదని హెచ్చరిస్తుంది. ప్రతి ఐదేళ్లకు ఒక సౌమ్యుడైన అధికారిని పర్యటనకు పంపుతానని చెబుతుంది. ఓడిన దేశంలో అధికారం ఎలా క్రూరంగా మారుతుందో తెలిసిన రాజు మాటలివి. మాటగా కాకపోయినా పనిగా ఇది ఒక పరిహారమే అని ఒప్పుకోవాలి.

కాని ఆ వాక్యాన్ని కళింగంలో విన్నవారి వైపు నుంచి ఆలోచించాలి. వారిలో తండ్రులను పోగొట్టుకున్నవారు ఉన్నారు. ఆ తండ్రులను చంపించిన రాజు ఇప్పుడు తండ్రి స్థానంలో నిలిచి మాట్లాడుతున్నాడు. ఆ స్థానం ఖాళీ కావడానికి కారణం అతడే. ఆ సంగతి చెప్పే శాసనం గిర్నార్‌లో ఉంది, ఎర్రగుడిలో ఉంది, ఇక్కడ లేదు. పితృత్వ ప్రకటన ఉండి ఒప్పుకోలు లేకపోవడంతో నైతిక సంబంధమే తలకిందులైంది. ఋణగ్రస్తుడు దాతగా కనిపిస్తాడు. ఋణదాత పోషితుడిగా కనిపిస్తాడు.

క్షమ విషయంలో ఈ తలకిందు మరింత స్పష్టం. 13వ శాసనంలో, అపకారం చేసినవారిని కూడా క్షమించదగినంత వరకు క్షమిస్తానని రాజు అంటాడు. అడవుల్లో ఉండేవారికి, పశ్చాత్తాపంలో ఉన్నా తనకు శక్తి ఉందని గుర్తుచేస్తాడు. రెండో ప్రత్యేక శాసనంలో సరిహద్దుల ప్రజలకు, క్షమించదగినదాన్ని రాజు క్షమిస్తాడని భరోసా ఇస్తాడు. ఈ శాసనాలన్నిటిలో రాజు క్షమను ప్రసాదించేవాడే గాని అర్థించేవాడు కాడు. తన జీవితంలోని అతిపెద్ద తప్పును ఒప్పుకున్న శాసనంలోనే క్షమ అనే మాట అతడి వైపు నుంచి ఇతరుల వైపుకు ప్రవహిస్తుంది. దీన్ని అశోకుడి వ్యక్తిగత లోపమనడం తొందరపాటు. సార్వభౌమాధికారం అనే పదవికే ఉన్న పరిమితి ఇది. రాజు పశ్చాత్తాపపడగలడు. క్షమించమని అడగడానికి మాత్రం అతడు కొంతసేపైనా రాజుగా ఉండడం మానుకోవాలి. గాంధారి ముందు ధర్మరాజు చేసినది అదే.

6. ఓడినవారి గొంతు: మూడు ఉదాహరణలు

బాధితుల ముందు మాట్లాడాలంటే బాధితులకు గొంతు ఉండాలి. కళింగ పక్షాన అలాంటి గొంతు ఉందా? మెగస్తనీసు కథనాల ఆధారంగా ప్లినీ నమోదు చేసిన వివరం ప్రకారం కళింగరాజుకు 60,000 కాల్బలం, 1,000 గుర్రాలు, 700 ఏనుగులు ఉండేవి. శాసనం చెప్పిన హతుల సంఖ్య లక్ష. ఈ రెండూ గుండు సంఖ్యలే కనుక వాటి మీద లెక్కలు కట్టరాదు. అయినా పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ఒక ఊహ బలపడుతుంది. చనిపోయినవారంతా జీతానికి పోరాడిన సైనికులు కారు. నాగలి వదిలి, వల వదిలి వచ్చినవారు కూడా ఉండాలి. వారెవరూ శాసనం రాయించలేదు.

కళింగం నుంచి వినవచ్చిన తొలి గొప్ప గొంతు ఖారవేలుడిది. ఉదయగిరిలోని హాథీగుంఫా శాసనం తుపానుకు దెబ్బతిన్న కళింగనగర ప్రాకారాలను అతడు బాగుచేయించడంతో మొదలై, ఏటేటి విజయాలను వర్ణిస్తుంది. నందరాజు కొనిపోయిన కళింగ జినప్రతిమను మగధ నుంచి తిరిగి తెచ్చినట్లు గర్వంగా చెబుతుంది. అశోకుడి యుద్ధంలో చనిపోయినవారి కోసం ఒక్క మాట కూడా అందులో లేదు. పైగా పిథుండ అనే నగరాన్ని గాడిదలు కట్టిన నాగలితో దున్నించినట్లు చెప్పుకుంటుంది. ఓడిన దేశం బలపడగానే తన మృతుల కోసం విలపించలేదు, ఇంకొకరి నగరాన్ని దున్నించింది. గాయపడినందువల్లనే ఒక జాతి న్యాయబుద్ధిని సంపాదించుకోదన్న చేదు నిజం ఇందులో ఉంది.

రెండో ఉదాహరణ పన్నెండో శతాబ్దారంభానిది. అనంతవర్మ చోడగంగుడు కళింగనగరం నుంచి పాలిస్తున్న కాలంలో మొదటి కులోత్తుంగ చోళుడి సేనాని కరుణాకర తొండైమాన్ కళింగం మీద దండెత్తాడు. ఆ విజయాన్ని జయంగొండార్ తమిళంలో కళింగత్తుప్పరణిగా కావ్యం చేశాడు. యుద్ధంలో వేయి ఏనుగులను కూల్చిన వీరుణ్ణి కీర్తించేది పరణి ప్రక్రియ. అందులో కాళి పరివారమైన భూతాలు రణభూమిలో శవాలతో అంబలి వండుకుంటాయి. ఆ అంబలి కళింగుల శరీరాలదే. చోడగంగుడి తల్లి రాజసుందరి చోళ రాజకుమారి. కులోత్తుంగుడు రాజమహేంద్రవరంలో నన్నయ చేత భారతం తెలిగింపజేసిన రాజరాజనరేంద్రుడి కొడుకు. తండ్రి ఆస్థానంలో దాయాదుల యుద్ధాన్ని ధర్మగ్రంథంగా తెలుగులోకి తెచ్చే ప్రయత్నం ఆరంభమైంది. కొడుకు కాలంలో చుట్టరికం గల రాజు దేశం మీద సాగిన యుద్ధం వేడుకైంది. ఈ కావ్యం పక్కన చూసినప్పుడు అశోకుడి 13వ శాసనం ఎంత అరుదైనదో తెలుస్తుంది. దాని పరిమితులను విమర్శించేవారు ఈ పోలికను మరువరాదు.

మూడో ఉదాహరణ ఉత్తరాంధ్ర ప్రజలకు అత్యంత పరిచితమైనది. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగర ప్రభువు పూసపాటి విజయరామరాజు కలిసి బొబ్బిలి కోటను ముట్టడించారు. కోట నిలవదని తేలాక లోపలివారే తమ స్త్రీలనూ పిల్లలనూ చంపి, తామూ పోరాడి మరణించారు. తరువాత తాండ్ర పాపారాయుడు విజయరామరాజును అతడి డేరాలోనే చంపాడు. ఇక్కడ ఓడినవారికి గొంతు కరువు కాలేదు. పెద్దాడ మల్లేశం పేర ప్రసిద్ధమైన బొబ్బిలి యుద్ధకథ, దిట్టకవి నారాయణకవి రంగరాయచరిత్రము ఓడిన పక్షాన్నే వీరపక్షంగా నిలబెట్టాయి. ఆ విధంగా కళింగులకు దొరకనిది బొబ్బిలికి దొరికింది.

అయినా ప్రశ్న ముగియలేదు. కోటలో తమవారి కత్తికే బలైన స్త్రీలు, పిల్లలు ఏమనుకున్నారు? వారు ఒప్పుకున్నారా? పసిపిల్లలకు ఒప్పుకోలు అనే మాట వర్తిస్తుందా? వీరగాథ వారి చావును వంశగౌరవంలోకి కలిపివేసింది. ఓడిన పక్షం గొంతు, బాధితుల గొంతు ఒకటి కావన్నది బొబ్బిలి చెప్పే పాఠం. ఓడిన సమాజంలో కూడా గొంతు ప్రభువులదే. ఆ సమాజం తనవారి చేతుల్లో చనిపోయినవారి ముందు నిలబడవలసే ఉంది. కాబట్టి పశ్చాత్తాపం ఎవరి ముందు అన్న ప్రశ్న విజేతలను మాత్రమే అడిగేది కాదు.

7. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు నిర్ణయాలు తేలుతున్నాయి. మొదటిది, పశ్చాత్తాపంలో రెండు భాగాలున్నాయి. తనను తాను మార్చుకోవడం ఒకటి, నష్టపోయినవారికి లెక్క చెప్పడం రెండోది. అశోకుడి 13వ శాసనం మొదటిదానికి ప్రపంచ చరిత్రలోనే గొప్ప నిదర్శనం. రెండోదానికి అది నిదర్శనం కాదు. మొదటిది ఉన్నందున రెండోది కూడా ఉన్నట్లు భావించడం, రెండోది లేనందున మొదటిదాన్ని బూటకమనడం రెండూ పొరపాట్లే.

రెండోది, బాధితుల ముందు ఒప్పుకోవడానికి విలువ వచ్చేది వారికి నిరాకరించే స్వేచ్ఛ ఉన్నప్పుడే. ఆ స్వేచ్ఛ ఇవ్వలేనివాడు కనీసం తండ్రి స్థానాన్ని కోరరాదు. తక్కువ మాట్లాడి, చెరలు తెరిపించి, అధికారుల చేతులు కట్టివేయడం అతడికి మిగిలిన మర్యాదైన మార్గం. ప్రత్యేక శాసనాల్లో ప్రశంసించవలసింది సంతానమన్న మాట కంటే, అకారణ బంధనాన్ని నిషేధించిన మాట.

మూడోది సాహిత్య పరిశోధనకు సంబంధించినది. ఉత్తరాంధ్ర యుద్ధ స్మృతిని అధ్యయనం చేసేటప్పుడు గెలిచినవారి పాఠం, ఓడినవారి పాఠం అనే రెండు విభాగాలు చాలవు. రెండు పాఠాల్లోనూ చోటు దొరకనివారి కోసం మూడో విభాగం కావాలి. వారి మాటలు దొరకవు గాని, వారు లేని చోట్లు దొరుకుతాయి. జౌగడ శిల మీద 10వ శాసనానికీ 14వ శాసనానికీ మధ్య ఉన్న లోపం అలాంటి చోటు. హాథీగుంఫా శాసనంలో విజయాల మధ్య లేని విలాపం అలాంటి చోటు. బొబ్బిలి కథలో పిల్లల అంగీకారం గురించి ఎవరూ అడగని ప్రశ్న అలాంటి చోటు.

కళింగపట్నానికి దగ్గరలో, వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాల శిథిలాలున్నాయి. 1919లో వాటిని వెలుగులోకి తెచ్చినవాడు వ్యావహారిక భాషోద్యమ నాయకుడు గిడుగు వేంకట రామమూర్తి. చదువురానివారి మాటకు కూడా సాహిత్యంలో చోటుండాలని వాదించినవాడు, సవర భాషకు లిపిలో రూపం కల్పించినవాడు ఆయన. అశోకుడు ఆదరించిన ధర్మాన్ని కళింగ నేల శతాబ్దాల పాటు తనలో నిలుపుకుందని ఆ స్తూపాలు తెలుపుతున్నాయి. దాన్ని కళింగులు అశోకుణ్ణి క్షమించారనడానికి సాక్ష్యంగా చూపడం సులభం, కాని సరికాదు. బుద్ధుడి బోధను స్వీకరించడం వేరు, రాజును క్షమించడం వేరు. మొదటిది కళింగులు తమ ఇష్టంతో చేశారు. రెండోది వారిని ఎవరూ అడగలేదు.